బెంగళూరు తెలుగు టెస్టర్లు: రెఫరల్స్ సరే, పని నేర్చుకునేది ఎక్కడ?

మారతహళ్ళి_వాసి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. చదువు అయిపోయినప్పటి నుంచి బెంగళూరులోనే, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనే ఉన్నాను. ఇప్పుడు ఒక సర్వీస్ కంపెనీలో సీనియర్ టెస్ట్ ఇంజనీర్‌ని.

ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులు చాలా వాటిలో ఉన్నాను. ఓపెనింగ్స్, ఫ్లాట్‌మేట్ కావాలి, పండక్కి ఊరెళ్లే కారులో సీటుంది, ఇలాంటివి రోజూ వస్తుంటాయి. అవి పనికిరావని అనను, నాకీ ఉద్యోగం రెఫరల్‌తోనే వచ్చింది. కానీ "ఈ ఫీచర్‌ని నేనిలా టెస్ట్ చేశాను, మీరైతే ఏం చూస్తారు?" అని ఎవరైనా అడగడం ఇంతవరకు చూడలేదు. డెవలపర్లు ఒకరి కోడ్ ఒకరు రివ్యూ చేసుకుంటూ రోజూ నేర్చుకుంటారు. మనకి ఆ వీలు లేదు. బగ్ పెడితే బగ్ కనిపిస్తుంది. దాని దాకా ఎలా వెళ్లామో, ఎన్ని దారులు వెతికి వదిలేశామో ఎవరికీ తెలియదు.

మొన్నటి అప్రైజల్‌లో మా మేనేజర్ చూసినవి రెండే అంకెలు: ఎన్ని టెస్ట్ కేసులు రన్ అయ్యాయి, ఎన్ని డిఫెక్టులు లాగ్ అయ్యాయి. పేమెంట్ ఫ్లోలో రిక్వైర్‌మెంట్ దశలోనే ఒక లోపం పట్టి ఆపించాను. కోడ్ రాయకముందే ఆగింది కాబట్టి అది డిఫెక్ట్ లెక్కలోకి రాలేదు.

నేను అడగదలచుకున్నవి ఇవి. మీరు ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు? టెస్ట్ లీడ్ కావాలంటే సర్టిఫికెట్టా, ఆటోమేషనా, ఇంకేదైనానా? నెలకోసారి కూర్చుని పని మాట్లాడుకునేందుకు వచ్చేవాళ్లున్నారా?

కర్నూలు_కుర్రాడు

అన్నా, సూటిగా చెప్తాను. ఆటోమేషన్, అంటే టెస్టులు కోడ్‌తో నడిపించడం నేర్చుకో. బ్రౌజర్ టెస్టులకి ప్లేరైట్, ఏపీఐ టెస్టింగ్, కోడ్ మారినప్పుడల్లా టెస్టులు వాటంతటవే నడిచే సీఐ పైప్‌లైన్ కొంచెం. మా బ్యాచ్‌లో మాన్యువల్‌లో ఉండిపోయినవాళ్లకి కాల్స్ రావట్లేదు, ఎస్‌డెట్‌గా (టెస్టింగ్ కోసం కోడ్ రాసే ఇంజనీర్‌గా) మారినవాళ్లకి వస్తున్నాయి. మీటప్‌లు తర్వాత, ముందు కోడ్.

పాత_టెస్టర్

కర్నూలు తమ్ముడు చెప్పింది ఉద్యోగం దొరకడం వరకు నిజం. కోడ్ రాకపోతే ఈ రోజుల్లో ఇబ్బందే. నేను దానికి అడ్డు చెప్పను. కానీ వాసి గారు అడిగింది పనిలో ఎదగడం గురించి. ఆ రెండూ ఒకటి కావు. ఆటోమేషన్ స్క్రిప్ట్ మనం ముందే ఊహించిన తప్పునే వెతుకుతుంది. ఊహించని తప్పు ఎక్కడుంటుందో ఆలోచించడం మనిషి పని. ఆ ఆలోచన పక్కవాడితో మాట్లాడితేనే పదునెక్కుతుంది.

ఇదే ఊళ్లో జరిగిన సంగతి ఒకటి చెప్తాను, కొత్తవాళ్లలో చాలామందికి తెలియదు. 2009లో బెంగళూరులో కొందరు టెస్టర్లు కలిసి వీకెండ్ టెస్టింగ్ మొదలుపెట్టారు. శనాదివారాల్లో ఒక సమయం అనుకుని అందరూ స్కైప్‌లోకి వచ్చేవాళ్లు. నడిపేవాళ్లు ఒక అప్లికేషన్ ఇచ్చి, ఫలానా కోణంలో చూడండి అని ఒక మిషన్ ఇచ్చేవాళ్లు. కాసేపు అందరూ టెస్ట్ చేసేవాళ్లు, తర్వాత మాట్లాడుకునేవాళ్లు. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. ఇక్కడ మొదలైన ఆ పద్ధతి తర్వాత అమెరికా, యూరప్ టెస్టర్లు కూడా అందుకున్నారు.

అందులో అసలు విలువ రెండో సగానిది. ఒకే స్క్రీన్‌ని పదిమంది చూస్తే పది రకాల ప్రశ్నలొస్తాయి. ఒకరు ఇన్‌పుట్ బాక్సులు పట్టుకుంటారు. ఒకరు నెట్‌వర్క్ ఆపి చూస్తారు. ఇంకొకరు "అసలు ఈ బటన్ ఎవరికి కావాలి?" అని అడుగుతారు. "నాకు ఆ ప్రశ్న ఎందుకు తట్టలేదు?" అని మనల్ని మనం అడుగుతాం. అక్కడే నేర్చుకోవడం మొదలవుతుంది. ఏ కోర్సులోనూ అది దొరకదు.

2014, 2016, 2018ల్లో బ్రౌజర్ టెస్టింగ్ టూల్ సెలీనియం వాళ్ల కాన్ఫరెన్స్ బెంగళూరులో జరిగింది. అంటే పెద్ద సభలకు ఈ ఊళ్లో కొదవ లేదు. కరువైంది చిన్న గుంపులు. కాన్ఫరెన్స్‌లో మనం వింటాం, వచ్చేస్తాం. ఏడెనిమిది మంది కూర్చుంటే మాత్రం ప్రతి ఒక్కరూ నోరు విప్పక తప్పదు.

వైట్‌ఫీల్డ్_తెలుగు

నేను వస్తాను. ఆదివారమైతేనే. శనివారం మాకు రిలీజ్ సపోర్ట్ ఉంటుంది.

హెచ్ఎస్ఆర్_అమ్మాయి

నమస్తే. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను, ఇప్పుడు మళ్లీ చేరాలనుకుంటున్నాను. టెస్టర్ల సర్టిఫికెట్ పరీక్ష ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ రాస్తే గ్యాప్ గురించి అడగడం తగ్గుతుందని ఒక కన్సల్టెన్సీ చెప్పింది. కోచింగ్‌కి చాలా డబ్బు అడుగుతున్నారు. రాయాలా వద్దా? చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

ఇందిరానగర్_క్యూఏ

అమ్మా, కోచింగ్‌కి డబ్బు కట్టకండి. సిలబస్ పీడీఎఫ్, నమూనా ప్రశ్నపత్రాలు ఐఎస్‌టీక్యూబీ సైట్‌లోనే ఉచితంగా ఉన్నాయి. ఇప్పుడు నడుస్తున్నది 2023లో వచ్చిన 4.0 సిలబస్. పాత 2018 పుస్తకాలు ఎవరైనా అంటగడితే తీసుకోకండి. పరీక్షలో 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, 26 మార్కులు వస్తే పాస్. ఇంగ్లీషు మన మాతృభాష కాదు కాబట్టి అదనంగా 15 నిమిషాలు అడగవచ్చు, రిజిస్టర్ చేసేటప్పుడే చెప్పండి. ఫౌండేషన్ సర్టిఫికెట్‌కి గడువు లేదు, ఒకసారి పాసైతే చాలు. మన దేశంలో దీన్ని ఇండియన్ టెస్టింగ్ బోర్డ్ చూస్తుంది.

ఉపయోగమా అంటే, ఉంది. ఈక్వివలెన్స్ పార్టిషన్, బౌండరీ వాల్యూ, డెసిషన్ టేబుల్ లాంటి టెస్టింగ్ పద్ధతుల్ని అందరూ ఒకే పేరుతో పిలుచుకోవడానికి పనికొస్తుంది. కొందరు విదేశీ క్లయింట్లు టీమ్‌లో సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కావాలంటారు. గ్యాప్ తర్వాత మళ్లీ చదువు పట్టాలెక్కడానికి ఒక సాకుగా కూడా బాగుంటుంది. కానీ ఆ కాగితం చూసి మాత్రమే ఉద్యోగం ఇచ్చే ఇంటర్వ్యూయర్‌ని నేను చూడలేదు.

నెల్లూరు_అక్క

హెచ్ఎస్ఆర్ చెల్లీ, గ్యాప్ గురించి భయపడకు. నేను ఒక ప్రొడక్ట్ కంపెనీలో క్వాలిటీ లీడ్‌ని, ఇంటర్వ్యూలు చేయడం నా పనిలో పెద్ద భాగం. అటువైపు నుంచి ఏం కనిపిస్తుందో చెప్తాను.

"ఈ లాగిన్ పేజీని ఎలా టెస్ట్ చేస్తారు?" అని అడిగితే పది మందిలో ఎక్కువమంది వెంటనే జాబితా చదువుతారు: సరైన పాస్‌వర్డ్, తప్పు పాస్‌వర్డ్, ఖాళీ పాస్‌వర్డ్. నేను ఎదురుచూసేది ప్రశ్న కోసం. ఈ లాగిన్ ఎవరికి? బ్యాంకు కస్టమర్‌కా, ఆఫీసు లోపలి ఉద్యోగికా? ఫోన్ పోగొట్టుకున్నవాళ్లు ఎలా లోపలికి వస్తారు? ఓటీపీ పది నిమిషాల తర్వాత వస్తే? ఇలా అడిగిన మనిషికి గ్యాప్ ఉన్నా నేను పట్టించుకోను. ఇది ఇంట్లో కూర్చుని ప్రిపేర్ అయితే రాదు. నలుగురి మధ్య అడిగి అడిగి రావాలి. అందుకే వాసి గారి ఆలోచన నాకు నచ్చింది.

లీడ్ పదవి గురించి కూడా అడిగారు. లీడ్ అంటే పనులు పంచి, ఎక్సెల్ షీట్ నింపి, రిలీజ్‌కి సంతకం పెట్టేవాళ్లని చాలా కంపెనీల్లో అనుకుంటారు. నా దృష్టిలో లీడ్ చేయాల్సింది ఒకటే: ఈ రిలీజ్ బయటికి వెళ్తే ఎవరికి ఏ నష్టం జరగవచ్చో, అందులో మనం ఏది చూశామో, ఏది చూడలేదో నిర్ణయం తీసుకునేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం. ఆపాలా వద్దా అన్నది ప్రొడక్ట్ మేనేజర్ నిర్ణయం. గేటు దగ్గర కాపలా కాయడం మన పని కాదు. మన దగ్గర సమాచారం సరిగ్గా ఉంటే వాళ్లే మన కోసం ఆగుతారు.

డిఫెక్టుల లెక్క మీద కూడా ఒక మాట. ఎన్ని బగ్స్ పెట్టావన్నదే కొలత అయితే జనం చిన్నచిన్నవి పెట్టి సంఖ్య పెంచుతారు. మా టీమ్‌లో డోరా కొలతలు చూస్తాం: ఎంత తరచుగా రిలీజ్ చేస్తున్నాం, మార్పు కోడ్ నుంచి ప్రొడక్షన్‌కి వెళ్లడానికి ఎంత పడుతోంది, వెళ్లినవాటిలో ఎన్ని బెడిసికొడుతున్నాయి, బెడిస్తే ఎంత వేగంగా సర్దుకుంటున్నాం. ఇవి టీమ్ మొత్తానివి. ఒక్క టెస్టర్ నెత్తిన పెట్టేవి కావు.

మారతహళ్ళి_వాసి

అక్కా, పైవాళ్లు ఆ లెక్కే అడిగితే ఏం చేయాలి? మా చేతిలో లేదు కదా.

నెల్లూరు_అక్క

అడిగిన లెక్క ఇవ్వు. దాంతోపాటు వారానికోసారి అడగకుండానే ఒక చిన్న నోట్ పంపు, ఐదారు లైన్లు చాలు. ఈ వారం ఏం వెతికాను, ఎందుకు వెతికాను, ఏం తేలింది, ఏది చూడటానికి సమయం దొరకలేదు, వచ్చే రిలీజ్‌లో నాకు ఎక్కడ భయంగా ఉంది. నీ పేమెంట్ ఫ్లో సంగతి అందులో మొదటి లైన్‌లో ఉండాలి: "ఫలానా రూల్ ఇలా ఉంటే రీఫండ్ రెండుసార్లు వెళ్లేది, కోడ్ రాయకముందే మార్పించాం." మేనేజర్‌కి, డెవ్ లీడ్‌కి, ప్రొడక్ట్ వాళ్లకి ముగ్గురికీ పంపు. కొన్ని నెలలు ఆపకుండా పంపితే అప్రైజల్ రోజున నీ గురించి మాట్లాడటానికి ముగ్గురి దగ్గరా విషయం ఉంటుంది. మా టీమ్‌లో ఇద్దరు ఇలాగే లీడ్స్ అయ్యారు.

"సమయం దొరకలేదు" అన్న లైన్ రాయడానికి చాలామంది జంకుతారు. దయచేసి అది వదలకండి. నోట్‌లో అన్నిటికంటే విలువైన లైన్ అదే.

అక్షరాల_టెస్టర్

లోకలైజేషన్ టెస్టింగ్‌లో ఉన్నాను. తెలుగు, కన్నడ, హిందీ యూఐలు చూస్తాను. తెలుగు టెస్టర్లుగా మనకు మాత్రమే బాగా తెలిసిన రంగం ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో గుర్తుందా? ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ కూలిపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ హోమ్ స్క్రీనే కూలిపోయేది. అది "జ్ఞా" లాంటి ఒక అక్షరం: జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించకుండా అక్షరాల్ని కలవనీయని జీరో విడ్త్ నాన్ జాయినర్, చివర దీర్ఘం. ఐఓఎస్ 11.2.5లో ఉన్న ఈ లోపాన్ని ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6తో సరిచేసింది. మ్యాక్, వాచ్, టీవీలకు కూడా అప్‌డేట్లు ఇచ్చింది.

ప్రపంచంలో అంత పెద్ద కంపెనీ టెస్టింగ్ దాటి వచ్చిన బగ్ అది. జ్ఞానం, విజ్ఞానం, ప్రజ్ఞ అని రోజూ రాసే మనకి ఈ ఒత్తులు ఎక్కడ తేడా చేస్తాయో ఊహించడం సులువు. ఆ ఊహని టెస్ట్ డేటాగా మార్చి ఒక చోట పెట్టిన తెలుగువాళ్లు నాకైతే కనిపించలేదు.

కొన్ని ఉదాహరణలు ఇస్తాను. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి ఆరు కోడ్ పాయింట్లు (విడివిడి యూనికోడ్ గుర్తులు), యూటీఎఫ్-8లో 18 బైట్లు. "స్వాతంత్ర్యం" మనకి మూడు అక్షరాలు, దానికి పన్నెండు. ఇప్పుడు ఒక ఫారంలో "పేరు 50 దాటకూడదు" అని ఉందనుకోండి. 50 అంటే ఏమిటి? అక్షరాలా, కోడ్ పాయింట్లా, బైట్లా? "వెంకట లక్ష్మి నరసమ్మ" అని తెలుగులో టైప్ చేస్తే 56 బైట్లు అవుతుంది. స్క్రీన్ ఒప్పుకుని, డేటాబేస్ 50 బైట్ల దగ్గర కోసేస్తే చివరి ఒత్తు పోయి "నరసమ" అని మిగులుతుంది. మన ఊళ్లలో ఆ పేరు చాలా మామూలు పేరు.

ఎస్ఎంఎస్ చూడండి. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగు వస్తే యూనికోడ్ అయి 70కి పడిపోతుంది. ఆ 70లో ఒక్క "స్త్రీ"కే ఆరు పోతాయి. తెలుగు ఓటీపీ మెసేజ్ రెండు ముక్కలై, రెండోది ఆలస్యంగా వస్తే, ఓటీపీ ఆ రెండో ముక్కలో ఉంటే? ఆ మెసేజ్ అందుకునే రైతుకి ఏమవుతుందో ఆలోచించండి.

సెర్చ్ ఇంకో గని. "రాజ్‌కుమార్" అని నాన్ జాయినర్‌తో రాసినవాళ్లున్నారు, "రాజ్కుమార్" అని లేకుండా రాసినవాళ్లున్నారు. ఒకటి వెతికితే రెండోది దొరుకుతుందా? బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఒత్తు పోతుందా, అక్షరం మొత్తం పోతుందా? ఒక కీబోర్డ్‌లో ఒకలా, ఇంకో కీబోర్డ్‌లో ఇంకోలా జరుగుతుంది. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటుకి "ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్" పెట్టెలు సరిపోక ఒక కార్డులో ఒకలా, ఇంకో కార్డులో ఇంకోలా పేరు పడి, రెండూ కలవక తిరిగేవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు.

మనం కలిస్తే మొదట ఈ జాబితా తయారు చేద్దాం. ఎవరి టీమ్‌కైనా పనికొస్తుంది.

కర్నూలు_కుర్రాడు

అన్నా, ఈ పోస్ట్ చదివి ఇప్పుడే మా యాప్‌లో "వెంకట లక్ష్మి నరసమ్మ" కొట్టి చూశాను. ప్రొఫైల్ పేజీలో సరిగ్గా వచ్చింది, ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లో ఒత్తులు విడిపోయాయి. రేపు టీమ్ స్టాండప్ మీటింగ్‌లో చెప్తాను. ఈ డేటా ఒక ఫైల్‌గా ఉంటే నేను ప్లేరైట్‌లో డేటా డ్రివెన్ టెస్టులు రాసి అందరికీ ఇస్తాను. ముందు కోడ్ అన్న మాట మీద నేనింకా ఉన్నాను, కానీ ఏం పెట్టాలో ఇలాంటివాళ్లు చెప్తేనే ఆ కోడ్‌కి విలువ.

అక్షరాల_టెస్టర్

పీడీఎఫ్ అయితే ఫాంట్ ఎంబెడింగ్ (ఫాంట్ ఫైల్‌లోనే ఉండటం), షేపింగ్ (ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కలపడం) రెండూ చూడు తమ్ముడూ. పీడీఎఫ్ తయారు చేసే లైబ్రరీలు కొన్ని ఇండిక్ లిపులకి షేపింగ్ చేయవు, అక్షరాలు వరుసగా పేర్చేస్తాయి. బగ్‌లో స్క్రీన్‌షాట్‌తో పాటు ఆ టెక్స్ట్ కూడా పేస్ట్ చెయ్యి. తెలుగు చదవలేని డెవలపర్‌కి ఏది సరైనదో తెలియాలి కాబట్టి సరిగ్గా వచ్చిన బొమ్మ పక్కన పెట్టు.

సర్వీస్_బెంచ్

అందరూ బాగా చెప్తున్నారు. నా బాధ వేరు. మాది క్లయింట్ ప్రాజెక్ట్, ఎన్‌డీఏ (వివరాలు బయట చెప్పకూడదన్న ఒప్పందం) ఉంది. స్క్రీన్ బయట చూపించకూడదు, బగ్ గురించి మాట్లాడకూడదు. కొత్త ఉద్యోగానికి వెళ్తే "మీ పని చూపించండి" అంటారు. ఏం చూపించాలి? పైగా నోటీస్ పీరియడ్ 90 రోజులు, ఆ లోపు ఎవరూ ఆగరు. ఇలాంటప్పుడు మీటప్‌కి వచ్చి నేను మాట్లాడేది ఏముంటుంది?

పాత_టెస్టర్

మీ ప్రాజెక్ట్ ముక్క కూడా బయటికి తేవద్దు. అది మొదటి నియమంగా పెట్టుకుందాం. మీటప్‌లో ఎవరి ఆఫీసు పనీ టేబుల్ మీదికి రాకూడదు.

చూపించడానికి ఓపెన్ సోర్స్ ఉంది. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ రెండింటికీ బగ్స్ నమోదు చేసే సైట్ బగ్జిల్లా ఎవరైనా చదవగలిగేలా ఉంటుంది, ఎవరైనా ఖాతా తెరిచి బగ్ పెట్టవచ్చు. తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీకి ఫ్యాబ్రికేటర్ అనే అలాంటి సైటే ఉంది. అక్కడ పెట్టిన బగ్ మీ పేరు మీద ఉండిపోతుంది. డెవలపర్ ఏం అడిగారు, మీరు ఏం జవాబిచ్చారు, అది ఎలా ముగిసింది, అంతా ఇంటర్వ్యూలో తెరిచి చూపించవచ్చు. మంచి బగ్ రిపోర్ట్ ఎలా ఉంటుందో నేర్చుకోవాలన్నా అవే బడి. సీనియర్లు రాసినవి, డూప్లికేట్ అని మూసేసినవి, "మా దగ్గర రావట్లేదు" అని వెనక్కి పంపినవి చదవండి.

సెక్యూరిటీ మీద మనసున్నవాళ్లకి వెబ్ సెక్యూరిటీ సంస్థ ఓవాస్ప్ వాళ్ల జ్యూస్ షాప్ ఉంది, కావాలనే లోపాలతో తయారు చేసిన అప్లికేషన్. మీ ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకుని ఎంతైనా పగలగొట్టవచ్చు. కుర్రాళ్లకి ఒక హెచ్చరిక: అనుమతి లేకుండా బయటి వెబ్‌సైట్ల మీద ఇవి ప్రయత్నించకండి. ఐటీ చట్టం 2000లో 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. నేర్చుకోవడానికే చేశాను అంటే కుదరదు.

బగ్_వేట

ఏఐ గురించి ఎవరూ ఏమీ అనలేదేంటి? మా మేనేజర్ టెస్ట్ కేసులన్నీ ఏఐతో రాయించమంటున్నాడు. ఇంకో రెండేళ్లలో మనం అవసరమా?

నెల్లూరు_అక్క

రెండేళ్ల తర్వాత సంగతి జోస్యం చెప్పను. ఇప్పుడు మా టీమ్‌లో జరుగుతున్నది చెప్తాను. ఏఐతో టెస్ట్ కేసులు రాయిస్తున్నాం. నిమిషంలో యాభై వస్తాయి. వాటిలో మన ప్రొడక్ట్‌కి అక్కర్లేనివి ఏవి, ముఖ్యమైనది ఏది రాలేదు, అని చెప్పగలిగిన మనిషి కావాలి. అది చెప్పాలంటే ఆ వ్యాపారం తెలియాలి, వాడేవాళ్లు తెలియాలి.

ఇంకోవైపు ఏఐనే టెస్ట్ చేయాల్సిన పని వచ్చి పడింది. చాట్‌బాట్‌ని ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే రెండు జవాబులిస్తుంది. "ఎక్స్‌పెక్టెడ్ రిజల్ట్" అని ఒక్క వాక్యం రాసే మన పాత పద్ధతి అక్కడ పనిచేయదు. ఒకే ప్రశ్నని తెలుగులో, ఇంగ్లీషులో అడిగి రెండు జవాబులూ ఒకే విషయం చెప్తున్నాయా అని చూడాలి. తెలుగులో అడిగితే వడ్డీ రేటు ఒకటి, ఇంగ్లీషులో అడిగితే ఇంకొకటి చెప్తే అది పెద్ద బగ్. దాన్ని పట్టేది రెండు భాషలూ వచ్చిన టెస్టరే.

ఇందిరానగర్_క్యూఏ

మీటప్‌కి ఇంకో సలహా. ఎన్‌డీఏ గొడవ లేకుండా మాట్లాడుకోవాలంటే బయటపడిన పెద్ద వైఫల్యాల రిపోర్టులు చదువుకుందాం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్‌తో ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు కూలిపోయాయి. మన ఎయిర్‌పోర్టుల్లో ఆ రోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ కంపెనీ తర్వాత కారణాల రిపోర్ట్ బయటపెట్టింది. అందులో టెస్టర్‌కి కావాల్సిన పాఠం ఉంది: ఒక టెంప్లేట్‌లో 21 ఫీల్డులు నిర్వచించారు, వాటికి విలువలిచ్చే కోడ్ 20 మాత్రమే ఇచ్చింది. అంతకుముందు టెస్టుల్లోనూ, మొదటి రిలీజుల్లోనూ ఆ 21వ ఫీల్డ్‌కి "ఏదైనా సరే" అన్న వైల్డ్‌కార్డ్ పెట్టారు కాబట్టి తేడా బయటపడలేదు. జూలై 19న మొదటిసారి అక్కడ అసలు విలువతో పోల్చాల్సి వచ్చింది, లేని మెమరీ చదవబోయి మెషీన్ కూలింది.

మనం రాసే టెస్టుల్లో కూడా ఇలాంటి వైల్డ్‌కార్డులు ఎన్ని ఉంటాయో. ఇది గంటసేపు మాట్లాడుకోవాల్సిన విషయం.

పాత_టెస్టర్

చాలా మంచి మాట. లీడ్ కావాలనుకునేవాళ్లు ఆ రిపోర్ట్ చదివి "అదే టీమ్‌లో నేను ఉంటే రిలీజ్‌కి ముందు ఏ ప్రశ్న అడిగేవాణ్ణి?" అని రాసుకుని రావాలి. అప్‌డేట్‌ని ఒకేసారి మొత్తం మెషీన్లకి ఎందుకు పంపారు అన్న ప్రశ్న దగ్గరే చర్చ సగం అయిపోతుంది. ఆ సంఘటన తర్వాత వాళ్లు దశలవారీగా పంపే పద్ధతికి మారారు.

హెచ్ఎస్ఆర్_అమ్మాయి

అందరికీ థాంక్స్. కోచింగ్ వద్దనుకున్నాను, సిలబస్ డౌన్‌లోడ్ చేశాను. మీటప్ గురించి ఒక విన్నపం. సాయంత్రం ఏడింటికి బార్‌లోనో, బ్రూవరీలోనో పెడితే నాలాంటివాళ్లు రాలేరు. పగటిపూట పెట్టండి. పాపని తీసుకురావాల్సి వస్తే ఎవరూ ఇబ్బంది పడకూడదు.

నెల్లూరు_అక్క

పగలే. పాపని తప్పకుండా తీసుకురా చెల్లీ. టెక్ మీటప్‌లలో ఆడవాళ్లు ఎందుకు తక్కువని అడిగేవాళ్లు ముందు టైమ్ చూసుకోవాలి.

వైట్‌ఫీల్డ్_తెలుగు

చోటు ఎక్కడ? వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది కదా, అక్కడ అడుగుదామా?

మారతహళ్ళి_వాసి

ఆ హాలు పెద్ద సభలకు బాగుంటుంది, పది మందికి అంత అక్కర్లేదు. మొదటిసారి కబ్బన్ పార్కులో కూర్చుందాం. మీకు పర్పుల్ లైన్‌లో ఒకే రైలు. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లకి ఇప్పుడు ఎల్లో లైన్ ఉంది, ఆర్‌వీ రోడ్‌లో గ్రీన్, మెజెస్టిక్‌లో పర్పుల్ మారాలి. వాన పడితే ఏదైనా మీటింగ్ రూమ్ చూస్తాను.

పద్ధతి పాత టెస్టర్ గారు చెప్పినట్టే. గంట టెస్టింగ్, గంట మాటలు. ఇద్దరిద్దరు ఒక జట్టు, జట్టుకి ఒక ల్యాప్‌టాప్. రెఫరల్స్, రెజ్యూమెలు చివర్లో టీ దగ్గర మాట్లాడుకోవచ్చు, ముందు వద్దు.

పాత_టెస్టర్

నడిపే బాధ్యత ప్రతి నెలా మారాలి. ఒక్కరే మోస్తే ఏడాది తిరగకుండా అలసిపోతారు, గుంపు ఆగిపోతుంది. ఈ ఊళ్లో చాలా గుంపులు అలాగే ఆగిపోయాయి. రెండో నెల నడిపేవాళ్లు ఎవరో మొదటి నెలలోనే తేలాలి. కొత్తవాళ్లకి ఇవ్వండి. పదిమంది మధ్య ఒక సెషన్ నడిపి, చివర్లో అందరితో మాట్లాడించడం వస్తే సగం లీడ్ పని వచ్చినట్టే.

సెషన్ ఎలా నడపాలో తెలియనివాళ్లకి: టెస్టింగ్ నిపుణులు జేమ్స్ బాక్, జొనాథన్ బాక్ 2000లో సెషన్ పద్ధతి ఒకటి రాశారు. ఏం వెతకాలో ఒక్క వాక్యంలో రాసుకోవడం, టైమ్ పెట్టుకోవడం, చూస్తూ నోట్స్ రాయడం, తర్వాత ఇంకొకరితో కూర్చుని చెప్పడం. ఇంతే. మొదటిది నేను నడుపుతాను, నోట్స్ తెలుగులో రాసి ఇక్కడే పెడతాను.

సర్వీస్_బెంచ్

నేనూ వస్తాను. రెండో నెల నాకివ్వండి. మొదటి నెల చూసి నేర్చుకుంటాను.

అక్షరాల_టెస్టర్

అయితే మొదటి సెషన్ అంశం నాది: లిబ్రేఆఫీస్ రైటర్‌లో తెలుగు. టైప్ చేయడం, చెరపడం, వెతకడం, పీడీఎఫ్‌గా మార్చడం. అందరూ కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ చేసుకుని రండి. విండోస్, లినక్స్, మ్యాక్ మూడూ ఉంటే మరీ మంచిది. ఒకే టెక్స్ట్ మూడింటిలో ఎలా వస్తుందో పోల్చవచ్చు. బగ్ దొరికితే ముందే ఎవరైనా పెట్టారేమో వెతికి, లేకపోతే అక్కడే కూర్చుని రిపోర్ట్ చేద్దాం.

బగ్_వేట

మా టీమ్‌లో ఒక కన్నడ అమ్మాయి ఉంది, చాలా బాగా టెస్ట్ చేస్తుంది. ఈ థ్రెడ్ గురించి చెప్తే తనూ వస్తానంది. తెలుగువాళ్లకేనా ఇది?

అక్షరాల_టెస్టర్

తప్పకుండా తీసుకురండి. కన్నడలో కూడా ఇలాగే ఒత్తులు కిందికి వస్తాయి, కానీ అర్కావత్తు (అక్షరానికి ముందు పలికే ర్) పక్కకి వస్తుంది, తెలుగులో అలా రాయం. షేపింగ్ బగ్స్ వెతకడానికి అది చాలా మంచి చోటు. అవే పేర్లు రెండు లిపుల్లో రాసి పక్కపక్కన పెట్టి చూద్దాం. కన్నడ కీబోర్డ్ ఉన్న ల్యాప్‌టాప్ తెమ్మని చెప్పండి.

మారతహళ్ళి_వాసి

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం పదిన్నర, కబ్బన్ పార్క్ మెట్రో స్టేషన్ బయట. వచ్చేవాళ్లు కింద మీ పేరు, ఏ ఓఎస్ తెస్తున్నారో రాయండి. నేను: విండోస్.

వైట్‌ఫీల్డ్_తెలుగు

వస్తున్నాను. లినక్స్.

కర్నూలు_కుర్రాడు

మ్యాక్. టెస్ట్ డేటా ఫైల్ మొదలుపెట్టాను, ఇప్పటివరకు పేర్లు, ఊళ్లు ఎక్కించాను. ఎవరి దగ్గరైనా తప్పు పడిన పేర్లుంటే పంపండి, నిజం మనుషుల వివరాలు తీసేసి.